టెస్ట్ టోన్ వస్తోంది, సినిమా పెడితే రావడం లేదు

ప్రశ్న: కొత్త ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె), 5.1 స్పీకర్ల సెట్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కొన్నాం. బిగించినవాళ్లు టెస్ట్ టోన్ పెడితే అన్నిట్లోంచీ వచ్చింది. టీవీలో ఓటీటీ సినిమా పెడితే మాత్రం వెనక స్పీకర్లు పలకడం లేదు, డైలాగులూ సరిగా వినపడవు. రిసీవర్ పాడైందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రిసీవర్ మీద అనుమానం వద్దు. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, చాలాసార్లు తప్పు టీవీ సెట్టింగ్‌లోనే దొరుకుతోంది. టెస్ట్ టోన్ రిసీవర్ సొంతంగా పుట్టించే శబ్దం. అది వచ్చిందంటే వైర్లు కలిశాయని మాత్రమే అర్థం. టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (శబ్దాన్ని టీవీయే విప్పి పంపే పద్ధతి) మీద ఉంటే ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కి పంపే దారి) ద్వారా రెండు ఛానెళ్లే వెళ్తాయి. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో పాస్‌త్రూకో మార్చండి, అప్పుడు టీవీ శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపుతుంది. ఆప్టికల్ కేబుల్ వాడుతుంటే తీసేసి, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీలో కలపండి. ఓటీటీలు 5.1ని ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ఫార్మాట్‌లో పంపుతాయి, ఆప్టికల్‌లో అది పోదు. రిసీవర్ తగిలించారని తెలిసి కూడా పీసీఎం మీదే కూర్చునే టీవీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క మాట అడిగితే సరిపోయేదానికి ఇంటిల్లిపాదికీ టెన్షన్!

ఇక డైలాగులు. అవి దాదాపుగా సెంటర్ స్పీకర్లోంచే వస్తాయి. చాలా ఇళ్లలో దాన్ని టీవీ యూనిట్ అరలో లోపలికంటా తోసేస్తారు, మాట గొంతులోనే ఆగినట్టు వినిపిస్తుంది. అర అంచుదాకా ముందుకు లాగి, మీరు కూర్చునే చోట చెవులకేసి కాస్త పైకి వంచండి. అప్పటికీ చాలకపోతే సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. సరౌండ్ స్పీకర్లను సీలింగ్ మూలల్లో బిగించి ఉంటే కిందికి దించమనండి. 5.1లో వాటి చోటు మీకు పక్కన, కొద్దిగా వెనక, చెవి ఎత్తుకి కాస్త పైన.

మీరు అడగకపోయినా, నన్ను ఎక్కువ భయపెట్టే సంగతి వేరే ఉంది. ఆ రిసీవర్‌ను వైఫైకి కలిపారా? రిసీవర్ పదేళ్లు పైగా మోగుతుంది. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు అంతకాలం రావు. చాలా మోడళ్లలో బ్రౌజర్‌లో తెరుచుకునే కంట్రోల్ పేజీ ఉంటుంది, దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. నెట్‌వర్క్ స్టాండ్‌బై ఆన్‌లో ఉంటే, మీరు ఆపేశాననుకున్నా అది వైఫైలో మేలుకునే ఉంటుంది. మీరు యూపీఐ చేసే ఫోను, పిల్లల ల్యాప్‌టాప్ ఉన్నదీ అదే వైఫైలో. హెచ్‌డీఎంఐలో సినిమా చూడటానికి రిసీవర్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. వైఫై తీసేయండి. అప్‌డేట్ వస్తే, మీ మోడల్‌లో వీలుంటే పెన్‌డ్రైవ్‌తో వేసుకోండి. నెట్ కావాల్సిందే అంటే గెస్ట్ నెట్‌వర్క్‌లో (మీ ఫోన్లకు వేరుగా ఉండే వైఫైలో) పెట్టి, రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరం అడగగానే బయటి నుంచి దారి తెరిచే సౌకర్యం) ఆపేయండి.

మైక్‌తో స్పీకర్లు సరిచూసుకునే పనికి కూడా యాప్, అకౌంట్, లొకేషన్ అనుమతి అడిగే మోడళ్లు వస్తున్నాయి. నా హాల్లో సోఫా స్పీకర్‌కి ఎన్ని అడుగుల దూరంలో ఉందో చెప్పడానికి నా ఈ-మెయిల్ ఎందుకు? ఆ యాప్ గొడవ పడలేక మనవాళ్లు పనంతా బిగించే కుర్రాడి ఫోన్లోనే కానిచ్చేస్తున్నారు. వైఫై పాస్‌వర్డ్ కూడా అతని చేతికే ఇస్తున్నారు.

మీరూ అలాగే చేసి ఉంటే ఈరోజే వైఫై పాస్‌వర్డ్ మార్చండి. స్పీకర్ల దూరాలు, లెవెళ్లు, క్రాసోవర్ (ఏ స్థాయికి కింది బాస్ సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత అతను పెట్టిన సెట్టింగ్‌లు పోయేలా రిసీవర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్‌తో అవన్నీ చెరిగిపోతాయి, కాగితం చూసి మళ్లీ పెట్టుకోవచ్చు.