కాలువకు నీళ్లు వదిలేలోపు చేయాల్సిన పనులు

ప్రశ్న: భీమవరానికి పది కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్లో ఉంటున్నాం. నేను భీమవరంలో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తాను. మావారు చెరువులు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తారు. బాబుకు మూడున్నరేళ్లు, జూన్‌లో భీమవరంలోనే నర్సరీలో వేద్దామనుకుంటున్నాం. పాపకు పది నెలలు. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ లేటే. ఐదింటికి లేచినా తెమలడం లేదు. ఆ టైముకు మావారు చెరువు దగ్గరుంటారు. పగలంతా పిల్లల్ని చూసేది, వంట చేసేది అత్తయ్య గారే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కాస్త సుళువవుతుందని బ్రెస్ట్ పంపు, స్టెరిలైజర్, వాకర్, అరలున్న పెద్ద బ్యాగు ఆన్‌లైన్‌లో తెప్పించాను. "కనిపించిందల్లా కొంటావు" అని మావారు గొడవ పెట్టుకున్నారు. నేను తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు విరిగిపోయాయని అత్తయ్య గారు సింకులో పారబోశారు. ఆ మర్నాడు స్కూటర్ మీద దారంతా ఏడుస్తూ వెళ్లాను. ఇంటి వెనకే పంటకాలువ, అదో భయం. ఉద్యోగం మానేయమంటోంది మా అమ్మ. మానేయనా?

జవాబు: అమ్మా, ఇంత ఉత్తరంలోనూ ఉద్యోగం చేయాలని లేదని మీరు ఎక్కడా రాయలేదు. తెమలడం లేదని రాశారు. తెమలనిది ఇంటి పని అయితే ఇంటి పనినే సర్దుకోవాలి. అందుకని రాజీనామా సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసేసిన కాలువ గురించి చెప్పాలి.

ఇప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి. బాబు ఈ వేసవంతా ఆ ఎండిన కాలువలో దిగి ఆడుకునే ఉంటాడు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక, నిన్నటిదాకా ఆడుకున్న చోటే నిండు నీరు పారుతుందని మూడున్నరేళ్ల పిల్లాడికి ఎలా తెలుస్తుంది? పాపేమో పాకుతోంది. అత్తయ్య గారు పొయ్యి దగ్గర ఉంటారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి పీట మీద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చేలోపు పాకే పిల్ల పెరటి మెట్టు దాటేస్తుంది. ఆవిడ ప్రేమలో గానీ జాగ్రత్తలో గానీ లోపమేం లేదు. ఒక మనిషి పొయ్యినీ ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి చూడలేదు, అంతే. పిల్లలు నీళ్లలో పడి చనిపోకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మార్గాల్లో నీటికి అడ్డు కట్టడం, బడికి వెళ్లని పసివాళ్లను పగలు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే చోట ఉంచడం ముఖ్యమైనవి. మీ ఇంటికి ఆ రెండూ కావాలి.

కాబట్టి ఈ వారంలోనే వడ్రంగిని పిలిచి పెరటి గుమ్మానికి నడుం ఎత్తు చెక్క తలుపు పెట్టించండి. గడియ బయటివైపు, పిల్లాడి చేయి అందని ఎత్తులో ఉండాలి. కాలువ వైపు దడి లేకపోతే ఇనుప మెష్ కట్టించండి. పెరట్లో నిండు బకెట్లు, మూతల్లేని గోలేలు ఉంచకండి. పది నెలల పిల్లకు బకెట్ అడుగున మిగిలిన నీళ్లు కూడా ప్రమాదమే.

ఇక రెండోది, నా దృష్టిలో మీ ఇంట్లో డబ్బు పెట్టాల్సిన అసలు చోటు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అత్తయ్య గారికి తోడుగా ఒక మనిషిని పెట్టండి. మీ వీధిలోనే పిల్లలు పెద్దవాళ్లై ఖాళీగా ఉన్న పిన్నిగారో అక్కగారో ఉంటారు. ఆమె వంట చేస్తే అత్తయ్య గారు పిల్లల్ని చూస్తారు, ఆమె పిల్లల్ని పట్టుకుంటే ఈవిడ వంట చేసుకుంటారు. ఎవరు ఏది చేయాలో అత్తయ్య గారినే నిర్ణయించనివ్వండి. "మీకు చేతకావడం లేదని పెడుతున్నాను" అన్నట్టు కాకుండా "మీ మోకాళ్లు చూస్తుంటే నాకు బ్యాంకులో మనసు నిలవడం లేదండీ" అని చెప్పండి. అది నిజం కూడా.

వాకర్ విషయంలో మాత్రం మొహమాటపడొద్దు, వెనక్కి పంపేయండి. వాకర్‌లో కూర్చోబెడితే పిల్లలు తొందరగా నడుస్తారన్నది నిజం కాదు. దాంట్లో పిల్ల మనం ఊహించనంత వేగంగా మెట్ల దగ్గరికీ పొయ్యి దగ్గరికీ వెళ్లిపోతుంది. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించారు. అన్నివైపులా అడ్డున్న మడత ఊయలో, ప్లే పెన్నో అయితే కొంత నయం. చాప వేసి, నాలుగు స్టీలు గిన్నెలు, గరిటెలు ఇచ్చి, పక్కన ఒక మనిషి కూర్చుంటే పాపకు అంతకన్నా ఆట లేదు.

ఇప్పుడు పారబోసిన పాల గురించి. తల్లిపాలు కాసేపు కదలకుండా ఉంచితే మీగడ పైకి తేలి, అడుగున పల్చగా, నీలంగా కనిపిస్తాయి. గేదె పాలతో పెరిగిన చేతులకు అది అచ్చం విరిగినట్టే ఉంటుంది. అత్తయ్య గారు మనవరాలికి చెడ్డ పాలు పట్టకూడదనే పారబోశారు. ఆ రోజు మీ కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో పంపు పట్టుకుని కూర్చున్న ప్రతి తల్లికీ తెలుసు. కానీ ఆ తప్పు ఆవిడ మీద వేయకండి. ఆదివారం పూట ఒక చిన్న సీసా తీసి ఆవిడ ఎదురుగానే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి, మెల్లగా గుండ్రంగా తిప్పి చూపించండి. మీగడ కలిసిపోతుంది. ఒక్కసారి కళ్లారా చూస్తే ఆవిడే మీకన్నా జాగ్రత్తగా కాపాడతారు. ఈ పాలు పొయ్యి మీద కాచకూడదనీ, మైక్రోవేవ్‌లో పెట్టకూడదనీ కూడా అప్పుడే చెప్పండి.

నిల్వ లెక్కలు ఇవీ. పాతిక డిగ్రీల లోపు ఉన్న గదిలో తీసిన పాలు 4 గంటలు నిలుస్తాయి. మే నెల భీమవరంలో పాతిక డిగ్రీలు ఏసీ గదిలో తప్ప ఎక్కడుంటాయి? కాబట్టి బయట ఉంచే మాటే వద్దు. ఐస్ ప్యాకులున్న చిన్న కూలర్ బ్యాగులో 24 గంటల దాకా బాగుంటాయి. ఫ్రిజ్‌లో అయితే 4 రోజులు, అదీ తలుపు అరల్లో కాదు, లోపల వెనకవైపు. డబ్బా మీద ప్లాస్టర్ అంటించి తేదీ, టైము రాయండి. పాప తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే.

బాటిల్ మానేసి ఉగ్గుగిన్నెతో పట్టండి. పది నెలల పిల్ల చిన్న స్టీలు గ్లాసుతో కూడా తాగేస్తుంది. ఉగ్గుగిన్నె, గ్లాసు సబ్బుతో కడిగి గిన్నెలో మరిగించుకుంటే చాలు. స్టెరిలైజర్ అక్కర్లేదు, అదీ వెనక్కి పంపండి. పాపకు ఇప్పుడు పాలతోపాటు రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం పెట్టాలి. ఉడికిన అన్నం, పప్పు కుక్కర్‌లోంచి ఉప్పూ కారం పడకముందే ఒక గరిటెడు పక్కకు తీసి, నెయ్యి వేసి మెదిపితే వేరే వంట ఉండదు. మధ్యలో చక్రకేళి పండు గుజ్జు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించొద్దు, అమ్మమ్మ ముచ్చటపడినా సరే. అన్నం బాగా తింటుంటే బ్యాంకులో మధ్యాహ్నం ఒక్కసారి పాలు తీసుకున్నా చాలామందికి సరిపోతుంది. సరిపోక డబ్బా పాలు కావాల్సి వస్తే డాక్టర్‌ని అడిగి పట్టండి, అందులో నేరం ఏమీ లేదు.

ఆ ఒక్కసారికి చోటు, సమయం మీ మేనేజర్‌ని అడగాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి మామూలు విశ్రాంతి కాక రోజుకు మరో రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంచారు. "సార్, మధ్యాహ్నం కాసేపు రికార్డు రూము తాళం నాకివ్వండి, లోపల గడియ పెట్టుకుంటాను" అని సూటిగా అడగండి. బతిమాలే గొంతు అవసరం లేదు.

మీ వారి సంగతికొద్దాం. ఆయన వేకువనే చెరువు దగ్గర ఉండక తప్పదు, మొదటి మేత వేళ అది. కాబట్టి పొద్దుటి పని ఆయనకు ఇవ్వమని నేను చెప్పను. రాత్రి పని మొత్తం ఇవ్వండి. "మొత్తం" అన్న మాట గుర్తుంచుకోండి. బ్యాగు సర్దడం ఆయన పని అయితే, డైపర్లు నిండుకున్నాయని ముందే చూసుకుని తేవడం, ఐస్ ప్యాకులు ఫ్రీజర్‌లో పెట్టడం, బాబు బట్టలు తీసి ఉంచడం, స్కూటర్‌లో పెట్రోలు చూడటం అన్నీ ఆయనవే. మీరు గుర్తుచేస్తే ఆయన చేస్తే అది సాయం అవుతుంది, గుర్తుచేసే బరువు మళ్లీ మీ తల మీదే ఉంటుంది.

ఇది ఆయనకు రాని విద్య కాదు. చెరువుకో పుస్తకం పెట్టి ఏ పూట ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి అని రాసుకునే మనిషి ఆయన. ఇంటికీ అలాంటి పుస్తకం ఒకటి ఫ్రిజ్ మీద పెట్టండి. పాప ఎప్పుడు తిన్నదీ, ఎన్ని పాలు తాగిందీ అత్తయ్య గారు చెబితే సాయంత్రం రాయండి. ఏది అయిపోవచ్చిందో కూడా అందులోనే. మొదటి వారం ఆయన బ్యాగులో ఏదో ఒకటి మర్చిపోతారు. మీరు లేచి సరిచేయకండి. ఒకరోజు బాబు చొక్కా మార్చుకోకుండా ఉంటే కొంపేం మునగదు. పంపు ఉంచుకోండి, కూలర్ బ్యాగు కొనండి. ఆ అరల బ్యాగు ఆయనకే అప్పగించండి, ఏ అరలో ఏది పెట్టాలో ఆయన ఇష్టం. వాకర్, స్టెరిలైజర్ డబ్బు వెనక్కి వచ్చాక దాన్ని ఆ తోడు మనిషి మొదటి నెల జీతంలో కలుపుతున్నామని చెబితే గొడవ చాలావరకు చల్లారుతుంది.

బాబుని స్కూటర్ మీద పది కిలోమీటర్లు తీసుకెళ్లడం గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. ముందు నిలబెట్టుకుని వెళ్లడం మన రోడ్ల మీద రోజూ చూస్తాం, కానీ బ్రేకు వేస్తే పిల్లాడి మొహమే ముందు హ్యాండిల్‌కు తగులుతుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు జాకెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి కేంద్రం నిబంధన అమల్లో ఉంది. ఆ రెండూ లేకుండా బయల్దేరకండి. అంతకన్నా ముందు, ఈ ఒక్క ఏడాదికి భీమవరం బడి అవసరమా అని ఆలోచించండి. మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీ ప్రీస్కూల్‌లో చేర్చుకుంటారు, మధ్యాహ్నం వేడి అన్నం, గుడ్డు పెడతారు. మీ ఊళ్లోది ఎలా ఉందో ఒక పూట వెళ్లి కూర్చుని చూడండి. టీచరమ్మ శ్రద్ధగా ఉంటే, ఆ తోడు మనిషే బాబుని దింపి తీసుకొస్తుంది. మీ పొద్దుటి హడావిడిలో సగం అక్కడే తగ్గుతుంది. బడికి అడ్వాన్సు కట్టేసి ఉంటే ఆ డబ్బు పోతుందన్న బాధ ఉంటుంది, అయినా నేను ఈ మాటే చెబుతాను.

స్కూటర్ మీద ఏడ్చానన్నారు. ఒక రోజు దుఃఖం అయితే అది అలసట. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా ఓర్చుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి మీ వారిని వెంట తీసుకెళ్లండి.

ఇక ఉద్యోగం. ఇప్పుడు మానకండి. రొయ్య పంట ఏ కాపు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, నెల తిరిగేసరికి తప్పకుండా వచ్చేది మీ జీతం ఒక్కటే. మీ అమ్మగారు మీ అలసట చూడలేక అంటున్నారు, ఆవిడతో వాదించకుండా దసరా దాకా చూస్తానని చెప్పండి. అప్పటికి పాపకు 15 నెలలు వస్తాయి, మధ్యాహ్నం పంపు పని దాదాపు ఉండదు, నడక కూడా వచ్చేస్తుంది. తలుపు, తోడు మనిషి, రాత్రి బ్యాగు, అంగన్‌వాడీ ఈ నాలుగూ నిజంగా అమలు చేశాక కూడా ఇలాగే ఉంటే ఏది కుదరలేదో రాయండి. మీ ఊరికి దగ్గరి బ్రాంచికి బదిలీ అడగడమా, కొన్నాళ్లు జీతం లేని సెలవు పెట్టడమా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.