రోజూ లైబ్రరీలోనే ఉంటోంది... కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 942 మార్కులు వచ్చాయి. ఇంజినీరింగ్ వద్దని పట్టుబట్టి శ్రీకాకుళంలో బీఏలో చేరింది. ఇప్పుడు రెండో ఏడాది. క్లాసులయ్యాక కూడా సాయంత్రం దాకా కాలేజీ లైబ్రరీలోనే ఉంటోంది. సవర గిరిజనుల పెళ్లిళ్లలో ఓలి ఇచ్చే పద్ధతి మీద ఏదో రాస్తోంది. ఈమధ్య ఇంట్లో ఎదురు ప్రశ్నలు ఎక్కువయ్యాయి. వాళ్ల నాన్నమ్మను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేస్తానంటే నేనే వద్దన్నాను. మా తోడల్లుడు ‘బిహేవియరల్ ఎనలిటిక్స్’ అని ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చెప్పాడు. ఫీజు లక్షా నలభై వేలు. అదీ మనుషుల ప్రవర్తన గురించే కదా, నచ్చుతుందని అయిదు వేలు అడ్వాన్సు కట్టాను. 25వ తేదీలోపు మానుకుంటే వెనక్కి ఇస్తారట. బ్రోషర్ జతచేశాను. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఎంఏ మంచిదా, ఈ కోర్సా? పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, పాలకొండ

జవాబు: మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. అందులో ‘ఉద్యోగం’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ‘ఎదురు ప్రశ్నలు’ మాత్రం ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, మార్కులు మారతాయి, కోర్సు పేరు ఏడాదికొకటి మారుతుంది. లోపలి దిగులు మాత్రం ఒకటే: పిల్ల చదువుకుని మన ఇంటినే పరీక్షగా చూడటం మొదలుపెట్టింది, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇదే పని చేస్తే ఎలా? దాన్ని కోర్సుతో మాన్పిద్దామనుకుంటున్నారు. లక్షా నలభై వేలు ఆ వైద్యానికి ఎక్కువండీ.

ఓలి అంటే మీకు చెప్పక్కర్లేదు, మగపెళ్లివారు ఆడపిల్ల ఇంటికి ఇచ్చుకునేది. అది కొండల మీద మాత్రమే ఉన్న వింత కాదు. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి దక్షిణాది కులాల గురించీ తెగల గురించీ 1909లో ఏడు సంపుటాలు వేశారు. అందులో మైదానపు కులాల దగ్గర కూడా ఈ మాట తగులుతూనే ఉంటుంది. అంటే రెండు మూడు తరాల కిందట ఓలి తీసుకున్న ఇళ్లే తర్వాత కట్నం ఇచ్చుకునే ఇళ్లయ్యాయి. ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? భూమి వల్లా, చదువుల వల్లా, పై కులాల వాళ్లను చూసి నేర్చుకోవడం వల్లా? మీ అమ్మాయి నాన్నమ్మను అడగాలనుకున్నది బహుశా ఇదే. పరిశోధన అంటే ఇదేనండీ. మీరు వద్దన్నారు. పెద్దావిడకు లేని అభ్యంతరం మీకెందుకొచ్చిందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక కోర్సు సంగతి. బ్రోషర్ చూశాను. ఎక్సెల్, పైథాన్ పరిచయం, డాష్‌బోర్డులు (లెక్కల్ని గ్రాఫుల్లో చూపే తెరలు), మధ్యలో రెండే రెండు వారాలు ‘హ్యూమన్ బిహేవియర్’. నాలుగేళ్ల కిందట ఇలాంటిదే మరో కోర్సును నేను ఇద్దరికి సిఫారసు చేశాను, ఆ తప్పు నాదే. వాళ్లలో ఒకమ్మాయి ఇవాళ ఎవరు ఏ బటన్ నొక్కారన్న లెక్కలు షీట్లలో నింపుతోంది. పని చెడ్డదేం కాదు. కానీ ఎందుకు నొక్కారని అడిగే అవకాశం ఆ పిల్లకు ఇంతవరకూ రాలేదు. యాప్‌లను జనం ఎలా, ఎందుకు వాడుతున్నారో పరిశీలించే యూఎక్స్ రీసెర్చ్ ఉద్యోగాలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. డిజైన్‌లోనో సైకాలజీలోనో పీజీ చేసి, చేసిన పనిని చూపించగలిగినవాళ్లు అక్కడ ముందు వరుసలో ఉంటారు. ఆరు నెలల సర్టిఫికెట్‌తో వెళ్లినవాళ్లు ఆ వరుస చివర్లో నిలబడాలి.

నా అనుమానం అక్కడితో ఆగదు. ఆ రెండు వారాల్లో చెప్పే ‘మనిషి ప్రవర్తన’ ఎవరిది? సాధారణంగా పాఠంలో ఒక ఆట చెబుతారు. ఇద్దరిలో ఒకరి చేతిలో వంద రూపాయలు పెట్టి, ఎదుటివాడికి ఎంతిస్తావో చెప్పమంటారు. ఎదుటివాడు సరేనంటే ఇద్దరికీ డబ్బు, కాదంటే ఇద్దరికీ సున్నా. అమెరికాలో ఆడిస్తే చాలామంది సగానికి దగ్గరగా ఇస్తామన్నారు. మరీ తక్కువిస్తే అవతలివాళ్లు ఒప్పుకోలేదు. ఇదే మానవ స్వభావమని పాఠాలకెక్కింది. తర్వాత జోసెఫ్ హెన్రిక్ అనే ఆంత్రోపాలజిస్టు ఇదే ఆటను పెరూ అడవుల్లో మాచిగెంగా వాళ్లతో ఆడించాడు. వాళ్లు సగటున నూటికి 26 ఇస్తామన్నారు. అవతలివాళ్లు దాదాపు అందరూ సరేనన్నారు. 2010లో ఆయన మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం మనస్తత్వశాస్త్రాన్నే నిలదీసింది: ఎక్కువగా పాశ్చాత్య దేశాల కాలేజీ పిల్లల మీద ప్రయోగాలు చేసి, ఫలితాలు మనుషులందరివీ అని ఎలా అంటారు? సీతంపేట ఏజెన్సీకి పక్కనే ఉన్న మీ పాలకొండలో పెరిగిన పిల్లకు ఈ ప్రశ్న పుస్తకం తెరవకముందే సగం తెలుసు. ఆ పిల్లను తీసుకెళ్లి డాష్‌బోర్డు ముందు కూర్చోబెడతానంటున్నారు మీరు.

లెక్కలు వద్దనడం లేదు. ఎంపీసీ చదివిన పిల్ల, స్టాటిస్టిక్స్ తప్పకుండా నేర్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి.

ఇప్పుడు లైబ్రరీ. ఈ భాగం అమ్మాయికి చదివి వినిపించండి. ఆవిడే చదువుకుంటే ఇంకా మంచిది.

అమ్మా, నువ్వు కూర్చునే అల్మరా ఒక్కటే చాలదు. డ్యూయీ వర్గీకరణ (విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే పద్ధతి) పాటించే లైబ్రరీ అయితే సమాజం, సంస్కృతి పుస్తకాలు 305, 306 దగ్గర ఉంటాయి. పెళ్లి ఆచారాలు 390ల్లో, జానపదం 398లో ఉంటుంది. సంస్కృతిని బట్టి మనస్తత్వం ఎలా మారుతుందన్నది మాత్రం వాటికి దూరంగా, సైకాలజీ వరుసలో 155.8 దగ్గర ఉంటుంది. ఒకే విషయం నాలుగు అల్మరాల్లో చెల్లాచెదురైపోతుంది కాబట్టి అన్నీ తిరగాల్సిందే. వెతికే మాట దగ్గరే చాలామంది ఓడిపోతారు. ప్రభుత్వ జాబితాలో ‘సవర’. 1955లో ఆంత్రోపాలజిస్టు వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు వాళ్ల మీద రాసినప్పుడు ‘సావొరా’. భాషావేత్తల రాతల్లో ‘సోరా’. ఇంగ్లిష్ స్పెల్లింగులు మూడూ (Savara, Saora, Sora) విడివిడిగా కొట్టి చూడు. ఓలి కూడా అంతే, పాత పుస్తకాల్లో ఇంగ్లిష్ V అక్షరంతో మొదలయ్యే ‘వోలి’గా కనిపిస్తుంది.

థర్‌స్టన్‌ను చదువు, నమ్మేయకు. ఆయన మనుషుల ముక్కులూ తలలూ కొలిచి కులాల గుణాలు తేల్చాలనుకున్న కాలపు ఉద్యోగి. ఎవరు చెబితే రాశాడు, ఎవర్ని అడగలేదు అన్నది మార్జిన్‌లో రాసుకుంటూ చదువు (నీ సొంత నోట్సులోనమ్మా, లైబ్రరీ పుస్తకంలో కాదు). పక్కన గిడుగు రామమూర్తి పంతులుగారిని పెట్టుకో. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం మీద పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చాడన్నది చాలామంది మర్చిపోయారు. ఒక తెగ గురించి బయటివాడు కొలతలతో రాయడానికీ, వాళ్ల మాట నేర్చుకుని రాయడానికీ తేడా ఏమిటో ఈ రెండూ పక్కపక్కన తెరిస్తే తెలుస్తుంది. 1961 జనగణనప్పుడు మన రాష్ట్రంలో కొన్ని ఊళ్లను ఎంచుకుని ఊరికో పుస్తకం వేశారు. ఇంట్లో వస్తువులూ, పెళ్లి ఖర్చులూ, అప్పులతో సహా ఉంటాయి. మీ వైపు ఊరేదైనా ఉందేమో లైబ్రేరియన్‌ను అడుగు. ఆ పుస్తకాలు ఎక్కువగా తాళం వేసిన బీరువాలోనే ఉంటాయి.

లైబ్రేరియన్‌ను ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఈ-పుస్తకాలు, జర్నళ్లు అందించే పథకం) లాగిన్ కూడా అడుగు. కాలేజీ సభ్యత్వం తీసుకుని ఉంటుంది, అడిగే పిల్లలే ఉండరు. ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరి నుంచి మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద విదేశీ జర్నళ్లు కూడా వస్తాయేమో కనుక్కో. శోధ్‌గంగకు లాగిన్ కూడా అక్కర్లేదు, దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితం. థీసిస్ మొత్తం చదవకు. ముందు చివరి పేజీల్లోని పుస్తకాల జాబితా చూడు, నీకు కావలసిన దారి అక్కడుంటుంది. అందులోంచి పేరాలు ఎత్తి రాస్తే దొరికిపోతావు, నోట్సు రాసేటప్పుడే పేజీ నంబరు వేసుకో. అయితే పుస్తకాలు ఎంత చదివినా ఊరికి వెళ్లనిదే సగం పనే. వెళ్లేటప్పుడు భాష తెలిసిన స్నేహితురాల్ని తీసుకెళ్లు, అడగకుండా ఫోటో తీయకు.

మళ్లీ మీతో. పోలిక అడిగారు కదా. ఎంఏ రెండేళ్లు, ఫీజు ప్రభుత్వ వర్సిటీ స్థాయిలో ఉంటుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఉంది. మీ కోర్సు ఆరు నెలలు, లక్షా నలభై వేలు. పోలిక ఇంతకన్నా సాగదీయడానికి ఏమీ లేదు.

ఎంఏ తర్వాత దారులున్నాయి. ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గిరిజన సంక్షేమ శాఖల పరిశోధన సంస్థలు, ఆరోగ్య, విద్యా రంగాల స్వచ్ఛంద సంస్థల సర్వేలు, నెట్ రాసి అధ్యాపక వృత్తి. సివిల్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకునేవాళ్లు మన రాష్ట్రాల్లో ఎంతమందో మీకూ తెలుసు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ మేనల్లుడి జీతంలా ఉండదు, ముందే చెబుతున్నాను. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా మొదలుపెట్టినవాళ్లు ఎండలో తిరగాలి. కానీ పంతొమ్మిదేళ్లకే తనకు ఏం కావాలో తెలిసి, ఎవరూ చెప్పకుండా సాయంత్రాలు అల్మరాల మధ్య గడిపే పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలా తక్కువ. ఎక్కువమంది ‘ఏది చేస్తే బాగుంటుంది సార్’ అనే వస్తారు. మీరు భయపడాల్సింది వాళ్ల తండ్రులై ఉంటే.

పెళ్లి భయం నేను తీర్చలేను. కట్నం గురించి ప్రశ్న అడిగిన పిల్లకు సంబంధం కుదరదనుకుంటే, ఆ సంబంధం ఎలాంటిదో కూడా ఆలోచించండి. ఆవిడ నోరు మూయించడానికి కోర్సు పెట్టొద్దు. ఇలా అన్నందుకు కోపమొస్తే రానివ్వండి.

25లోపు అడ్వాన్సు వెనక్కి తీసుకోండి, మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో చెబితే వాయిదాలేస్తారు. వచ్చిన అయిదు వేలల్లో కొంత పెట్టి ఒక మంచి వాయిస్ రికార్డర్ కొనివ్వండి. ఆదివారం అమ్మాయిని నాన్నమ్మ దగ్గర కూర్చుని రికార్డు చేసుకోనివ్వండి, మీరూ ఆ గదిలోనే ఉండండి. ఆవిడ చెప్పే సంవత్సరాలు, బంధువుల పేర్లు అమ్మాయికి తెలియవు, మీరే అందించాలి.