తొమ్మిదింటికి షాపు కట్టేశాక ఆ రాత్రిని ఎలా గడపాలి?

ఒంగోలులో బట్టల షాపులో పనిచేస్తున్నానని, ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుందని, పన్నెండు దాటినా నిద్ర పట్టదని, సొంత పని ఒక్కటీ సాగదని అడిగారు.

ముందు టీ సంగతి. టీలో ఉండి నిద్రను ఆపే కెఫీన్ ఒంట్లో చేరాక సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే షాపులో ఏడింటికి తాగిన టీ ప్రభావం పన్నెండింటికీ పూర్తిగా పోదు. ఆఖరి టీ మధ్యాహ్నం మూడింటికే ముగించండి. అన్నిటికన్నా ముందు మార్చాల్సింది ఇదే అంటాను.

రాగానే గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి. మన ఎండల్లో వేడినీళ్లేంటి అనిపిస్తుంది కానీ, చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది. అలా ఒళ్లు చల్లబడితే నిద్ర తేలిగ్గా వస్తుంది. తర్వాత మజ్జిగన్నం లాంటిది తేలిగ్గా తినండి.

ఇక మీ పని. పరీక్ష పుస్తకమో, కంప్యూటర్ కోర్సో, ఏదో ఒక్కటే, ఇరవై నిమిషాలు చాలు. రెండు పెట్టుకుంటే రెండూ పోతాయి.

రేపు కట్టాల్సిన చిట్టీ, ఫోన్ చేయాల్సిన వాళ్లు, అన్నీ కాగితం మీద రాసేస్తే టెన్షన్ దిగుతుంది. ఫోను హాల్లో చార్జింగ్‌కి పెట్టి మిద్దెమీద పడుకోండి. సెలవు రోజైనా లేచే టైము మాత్రం మార్చొద్దు.