మీ అమ్మ తల దువ్వడం గురించి

చిన్నా,

అమ్మ జుట్టు వెనకవైపు ఉండ కట్టేసిందని, దువ్వెన దిగట్లేదని, తనే కత్తిరించేయమంటోందని ఫోన్లో అన్నావు. కత్తిరించకు. కనీసం ఈ వారం ఆగు. ఈ మోకాలి ఆపరేషన్ లేకపోతే ఈపాటికి గుంటూరు బస్సెక్కి నేనే వచ్చేసేదాన్ని. డాక్టరు ఇంకా మెట్లు దిగనివ్వట్లేదు కాబట్టి ఆ పని నీ చేతులతోనే జరగాలి. గాంధీనగర్‌లో పార్లర్ నడిపిన రోజుల్లో ఇంతకన్నా గట్టి ఉండలు విప్పాను. విడిపోతుంది, నువ్వు కంగారు పడకు.

మీ అమ్మ, అదే మా వదిన, బద్ధకంతో దువ్వుకోవడం మానేయలేదురా. మా అన్నయ్య, మీ నాన్న పోయి మూడో నెల నడుస్తోంది. మనసు కుంగిన మనిషి ముందుగా వదిలేసేది స్నానం, దువ్వెన, అద్దం. అందుకే "ఇలా తయారయ్యావేంటమ్మా" అనే మాట నీ నోటి నుంచి రాకూడదు. చుట్టాల్లో ఎవరన్నా అంటే వాళ్ల మాట అక్కడే తుంచేసెయ్. "అమ్మా, కాస్త నూనె పెట్టనా?" అని అడుగు, అంతే. వద్దంటే మర్నాడు అడుగు. సరేనంటే వెంటనే మొదలుపెట్టు, సరుకులన్నీ ముందే తెచ్చి ఉంచుకో.

ఏం కావాలంటే, కొబ్బరి నూనె, పళ్లు ఎడంగా ఉన్న వెడల్పు దువ్వెన, సన్నటి తోక ఉన్న దువ్వెన ఇంకొకటి, నాలుగు క్లిప్పులు, ఒక కండిషనర్ సీసా. కండిషనర్ ఖరీదైనది అక్కర్లేదు. ఆముదం మాత్రం వద్దు. జుట్టుకి మంచిదని ఎవరో ఒకరు చెప్తారు, కానీ అది జిగటగా ఉంటుంది, చిక్కుపడ్డ జుట్టుని ఇంకా అతికించేస్తుంది. కొబ్బరి నూనె పల్చగా జారుతుంది, వెంట్రుక లోపలికీ ఇంకుతుంది.

ముందే తలస్నానం చేయించేద్దాం అనుకుంటావేమో. ఆ తప్పు చేయకు. ఉండ మీద షాంపూ వేసి రుద్దితే అది బిగుసుకుపోతుంది, ఆ తర్వాత కత్తెరే దిక్కు. పొడి జుట్టు మీదే మొదలుపెట్టాలి. ముందు మాడంతా ఒకసారి చూడు. పుండ్లు, రసి, వాసన ఉంటే చేయి పెట్టకుండా చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పేలుంటే మెడికల్ షాపులో మందు దొరుకుతుంది, అదేమీ అవమానం కాదు. అవేవీ లేకపోతే, ఉండ మీద నూనె ధారాళంగా పట్టించి గంటసేపు వదిలెయ్.

చిక్కు తీసేది చివళ్ల నుంచి. కుదుళ్ల నుంచి కిందికి లాగావంటే చిక్కంతా ఒకచోటికి చేరి గట్టిపడుతుంది. బాగున్న జుట్టుని క్లిప్పులతో పక్కకి కట్టెయ్. ఉండకి పైన, మాడుకి దగ్గరగా జుట్టుని ఎడమ పిడికిట్లో గట్టిగా పట్టుకో. అప్పుడు నువ్వెంత లాగినా ఆ లాగుడు నీ పిడికిటి దగ్గరే ఆగిపోతుంది, అమ్మకి నొప్పి తెలియదు. ఈ ఒక్క పట్టు వస్తే సగం పని వచ్చినట్టే. కుడి చేతి వేళ్లతో అంచుల నుంచి కొద్దికొద్దిగా విడదియ్యి. గట్టి ముడి తగిలితే దువ్వెన తోకని లోపలికి దూర్చి వదులు చెయ్. ఎంతకీ రాని ముడిని అడ్డంగా కత్తిరించకు, చిన్న కత్తెరతో నిలువుగా చీలిస్తే చాలా జుట్టు మిగులుతుంది. నూనె ఆరిపోతే కాస్త కండిషనర్ రాస్తూ ఉండు. ఒక్కరోజులో పూర్తి చేయాలని పంతం పట్టకు. అరగంట చేసి ఆపెయ్, మిగతాది రేపు. ఆవిడకి మెడ నొప్పి పుడితే రేపు తల ఇవ్వదు.

ఇంకో సంగతి ముందే చెప్తున్నాను, లేకపోతే హడలిపోతావు. ఆ ఉండ విడిపోయేటప్పుడు గుప్పెళ్లకి గుప్పెళ్లు జుట్టు ఊడి వస్తుంది. అదంతా నువ్వు పీకేసింది కాదు. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. రోజూ దువ్వుకుంటే దువ్వెనలో పోతాయి, ఇన్ని వారాలు దువ్వకపోతే రాలినవన్నీ ఆ చిక్కులోనే ఇరుక్కుని ఉంటాయి. ఈ మాట అమ్మకి కూడా ముందే చెప్పు. రాలినదంతా కవర్లో వేసి ఆవిడ కంటికి కనపడకుండా తీసెయ్.

ఇది కాక, పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకి జుట్టు విపరీతంగా రాలడం మామూలే. జ్వరానికైనా, కాన్పుకైనా, ఇలాంటి దుఃఖానికైనా అంతే. పెరగాల్సిన వెంట్రుకలు చాలావరకు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లి, తర్వాత కలిసికట్టుగా రాలతాయి. కుదుళ్లు చచ్చిపోవు, నెలల మీద మళ్లీ వస్తుంది. అయితే వదిన సరిగ్గా తినట్లేదు కదా, రక్తపరీక్ష చేయించు. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, థైరాయిడ్ చూపించు. ఎవరో చెప్పారని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కొనకు. అది తక్కువైనవాళ్లు బహు అరుదు, పైగా వేసుకుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా చూపించవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా పార్లర్లో అద్దాల ముందే కుర్చీలు ఉండేవి. తలకి నూనె పెట్టేటప్పుడు మాత్రం కుర్చీని గోడవైపు తిప్పేసేదాన్ని. ఎందుకంటే అద్దంలో నా మొహం కనిపిస్తే ఆడవాళ్లు సినిమాల గురించో, ఎండల గురించో మాట్లాడేవాళ్లు. మొహం కనిపించనప్పుడు అసలు మాటలు వచ్చేవి. మొగుడి తాగుడు, అత్తగారి మాటలు, పోయిన బిడ్డ. నేను జవాబు చెప్పేదాన్ని కాదు, చేతులు ఆడుతూ ఉండేవి. వాళ్లకి కావాల్సింది జవాబు కాదని నాకు చాలా తొందరగానే అర్థమైంది.

నువ్వూ అంతే చెయ్. ఆవిడ కింద పీట మీదో, కుర్చీలోనో, నువ్వు వెనక. టీవీ వద్దు, ఫోన్ పక్క గదిలో పెట్టు. నువ్వుగా ప్రశ్నలు వేయకు. ఆవిడ మీ నాన్న గురించి మాట్లాడితే మాట మార్చకు. ఏడిస్తే "ఏడవకమ్మా" అనకు, చేతులు ఆపకు, మరీ కదిలిపోతే నెమ్మదిగా తల మీద చేయి ఆనించి ఉంచు. ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు. ఇన్నాళ్లుగా ఆవిడని ఎవరూ ముట్టుకోలేదురా. అందరూ గుమ్మంలో నిలబడి ఓదార్చి వెళ్లారు. పాతికేళ్ల కొడుకు తల్లి తల నిమరడానికి సిగ్గుపడతాడు, మన ఇళ్లలో అదొక జబ్బు.

చిక్కు మొత్తం వదిలాక గోరువెచ్చని నీళ్లతో తల పోయించు. మీ బోరు నీళ్లకి నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది, చివరి చెంబులు కుళాయి నీళ్లవి పొయ్యి. కుంకుడుకాయ ఆవిడకి ఇష్టం, చిన్నప్పటి నుంచి అలవాటు. కానీ రుద్ది రుద్ది పోయాల్సి వస్తుంది, కాబట్టి మొదటిసారి షాంపూ చాలు, కుంకుడు తర్వాతి వారానికి. రాత్రి పడుకునే ముందు వదులుగా జడ వెయ్. జుట్టు విప్పుకుని గంటలు గంటలు పడుకోబట్టే ఆ ఉండ పుట్టింది.

పాపిట్లో తెల్ల గీత కనిపిస్తుంది నీకు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, వదిన ఎప్పటి నుంచి రంగు వేసుకోవడం మానేసిందో దాన్ని బట్టే తెలిసిపోతుంది. రంగు వేద్దామా అని నువ్వు అడగకు. తనే అడిగితే చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు ఆగి చూసి అప్పుడు వెయ్యి. పూల సంగతీ అంతే. పెట్టుకోవాలా వద్దా అన్నది చుట్టాలు తేల్చేది కాదు, నేను తేల్చేదీ కాదు. ఆడపిల్లల చదువు కోసం 1922లోనే శారదా నికేతనం వెలిసిన ఊళ్లో, ఇంకా ఈ మాట చెప్పుకోవాల్సి రావడమే నాకు చిరాకు. గుండు చేయించుకుంటానని కూడా ఒకసారి అందన్నావు. దుర్గమ్మకి మొక్కు ఉంటే నేనే కొండకి తీసుకెళ్తాను. చిక్కు విడిపోయాక, నెల ఆగి అడిగినప్పుడూ అదే మాట అంటే మొక్కు. ఇప్పుడంటున్నది విసుగు.

నూనె పెడితే దిగులు పోతుందని నేను చెప్పట్లేదు. నిద్ర పూర్తిగా పోయినా, రోజుల తరబడి తినకపోయినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి వచ్చినా, దువ్వెన పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రయినా సరే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. నీకోసం కూడా చేసుకోవచ్చు. నీకూ నాన్నే పోయాడు.

జడ వేయడం రాదంటావు. కిటికీ ఊచకి మూడు తాళ్లు కట్టి నేర్చుకో. వంకరగా వచ్చినా పర్వాలేదు. వదినకి వంకర జడ చూస్తే ఒళ్లు మంట, ఎప్పుడో ఒకరోజు తనే విప్పేసి అల్లుకుంటుంది. అప్పుడు నువ్వు పక్కకి తప్పుకో, కానీ నూనె పెట్టడం మాత్రం మానకు.

దువ్వెన చెక్కది తీసుకో. ప్లాస్టిక్‌వి అంచులు పదునుగా ఉంటే వెంట్రుకలు తెంపుతాయి. మొదటిరోజు మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతే వీడియో కాల్ చెయ్, ఆవిడ మొహం కాకుండా ఉండ మాత్రమే చూపించు.

ఆశీస్సులతో,
మీ అత్త