27 ఏళ్ల ఓడకు కట్టిన అడ్వాన్సు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాకు కాకినాడ దగ్గర రైస్ మిల్లు ఉంది. ఉప్పుడు బియ్యం పశ్చిమ ఆఫ్రికాకు పంపుతుంటాం. 2024 మార్చిలో ఒక విదేశీ కంపెనీకి చెందిన బల్క్ కారియర్‌ను (పెద్ద మొత్తంలో సరుకు మోసే ఓడను) ఒక ట్రిప్పుకు కిరాయికి మాట్లాడుకున్నాం. కిరాయిలో నాలుగో వంతు ముందే పంపాం. బస్తాలు గోదాములో సిద్ధంగా ఉండగా, ఓడ 1997లో కట్టినది కనుక లైసెన్సు రాదని ఏజెంటు చల్లగా చెప్పాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే ఓడ యజమాని “అది మీ ప్రభుత్వ ఆంక్ష, మా తప్పు కాదు” అంటున్నాడు. మా డబ్బు వస్తుందా? ఓడ వయసు చూసి ఆపే అధికారం ప్రభుత్వానికి ఉందా? హైకోర్టులో రిట్ వేయమని కొందరు సలహా ఇస్తున్నారు.

జవాబు: రిట్ సంగతి ముందు తేల్చేద్దాం. వేయవద్దు. మీకు కావలసింది డబ్బు. రిట్‌లో దొరికేది, దొరికితే, ఆంక్ష చెల్లదన్న తీర్పు. అది కూడా దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. ఈ ఆంక్షల వెనుక ఓడ ప్రమాదాల చరిత్ర ఉంది. 2011 జులై 31న సిబ్బంది వదిలేసిన ‘పవిత్’ అనే చిన్న ట్యాంకర్ ఎవరి కంటా పడకుండా తేలుకుంటూ ముంబయి జుహూ ఒడ్డుకు చేరింది. నాలుగు రోజులకే, బొగ్గుతో వస్తున్న ‘రాక్ కారియర్’ ముంబయి తీరానికి దగ్గరలో మునిగి, చమురు తీరమంతా అంటింది. అంతకు ముందు ఐరోపాలోనూ ఇదే అనుభవం. 1999లో ‘ఎరికా’, 2002లో ‘ప్రెస్టీజ్’ అనే పాత ట్యాంకర్లు విరిగిపోయాక అక్కడి దేశాలు ఒకే పొర ఉన్న ట్యాంకర్లను తమ రేవుల నుంచి వెళ్లగొట్టాయి. ఇంత చరిత్ర ఉన్న విషయంలో కోర్టులు ప్రభుత్వ విధానం జోలికి సులభంగా వెళ్లవు.

ఇక అసలు విషయం. “వయసు వల్ల ఆపారు” అన్న ఏజెంటు మాట నాకు చాలదు. పాత ఓడలను ఆపే నిబంధనలు మన దగ్గర రెండు రకాలు. ఒకటి, రేవుల్లోకి, యాంకరేజిల్లోకి (లంగరు వేసే చోట్లలోకి) ఓడల ప్రవేశాన్ని నియంత్రిస్తూ 2012లో వచ్చిన నియమాలు. ఇవి పాత ఓడను పూర్తిగా నిషేధించవు. ఓడ సముద్రయానానికి తగినట్టు ఉందని గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన క్లాస్ సర్టిఫికెట్, మునిగితే శకలాలు తొలగించే ఖర్చును, చమురు కాలుష్యాన్ని భరించే పి అండ్ ఐ బీమా (ఓడ వల్ల ఇతరులకు కలిగే నష్టాలకు యజమాని తీసుకునే బీమా) చూపించమంటాయి. ఈ కాగితాలు లేక ఓడ ఆగితే తప్పు పూర్తిగా యజమానిది. తన ఓడ బీమాకు బాధ్యుడు అతడే కదా.

రెండోది, డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్ జనరల్) 2023 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వు. చమురు ట్యాంకర్లు, బల్క్ కారియర్లు 25 ఏళ్లు దాటితే లైసెన్సు ఉండదన్నది దాని సారం. అప్పటికే భారత జెండాతో నడుస్తున్న పాత ఓడలకు మాత్రం మూడేళ్లు వదిలారు. విదేశీ ఓడకు లైసెన్సు ఎందుకని మీరు అడగవచ్చు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం 406వ సెక్షను ప్రకారం, భారతీయ పౌరుడు గానీ కంపెనీ గానీ కిరాయికి తీసుకున్న ఓడ ఏ జెండాతో తిరిగినా డీజీ లైసెన్సు లేనిదే సముద్రంలోకి వెళ్లకూడదు. ఎగుమతిదారుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఓడను మీ బియ్యం కొనే విదేశీయుడు కిరాయికి తీసుకుంటే ఒక లెక్క, మీరే తీసుకుంటే ఇంకో లెక్క. (2025లో పార్లమెంటు కొత్త నౌకాయాన చట్టాలు చేసింది. మీ ఒప్పందం 2024 నాటిది కనుక పాత చట్టంతోనే మాట్లాడుతున్నాను. ఇకపై ఓడ మాట్లాడుకునే ముందు కొత్తవి చూసుకోండి.)

యజమాని “ప్రభుత్వ ఆంక్ష” అనడంలో ఉద్దేశం కాంట్రాక్టు చట్టం 56వ సెక్షను. ఒప్పందం చేసుకున్నాక అనుకోనిది జరిగి పని అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. కానీ ఉత్తర్వు వచ్చింది 2023 ఫిబ్రవరిలో, మీరు సంతకాలు పెట్టింది 2024 మార్చిలో. ఏడాది కిందటి ఉత్తర్వును ఇవాళే పిడుగు పడినట్టు చెబితే ఎవరు నమ్ముతారు? అదే సెక్షనులో మూడో పేరా ఉంది. అసాధ్యమని తెలిసీ, లేదా కాస్త వాకబు చేస్తే తెలిసే అవకాశం ఉండీ మాట ఇచ్చినవాడు, అది తెలియని ఎదుటి పక్షానికి నష్టపరిహారం ఇవ్వాలి. ఆ పేరా వర్తించకపోయినా, ఒప్పందం చెల్లదని తేలితే దాని కింద తీసుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షను చెబుతోంది.

మీ వైపు బలహీనత కూడా చెప్పకపోతే నేను సలహా ఇచ్చినట్టు కాదు. చార్టర్ (ఓడ కిరాయి) ఒప్పందం తీసి, లైసెన్సు తెచ్చే బాధ్యత ఎవరిదని రాశారో చూడండి. మీదేనని ఉంటే, “తెలుసుకోవలసింది మీరే” అని యజమాని తిప్పికొడతాడు. ఎదురు క్లెయిము కూడా వేయవచ్చు. అప్పుడైనా మొత్తం అడ్వాన్సు మింగేయడం కుదరదు. 74వ సెక్షను సముచిత పరిహారానికే అవకాశం ఇస్తుంది. ఓడ కట్టిన సంవత్సరం ఒప్పందంలో ఉందా, ఉంటే సరైనదేనా అన్నదీ చూడండి. తప్పుగా చూపి ఉంటే కేసు మరింత తేలిక.

ఇదంతా భారతీయ చట్టం వర్తిస్తేనే. చార్టర్ పత్రం చివర సన్న అక్షరాల్లో “ఇంగ్లండు చట్టం, లండన్‌లో ఆర్బిట్రేషన్” (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉండడం ఈ వ్యాపారంలో మామూలు. అలా ఉంటే పైన చెప్పిన సెక్షన్లు పక్కకు పోతాయి, మన కోర్టు మిమ్మల్ని లండన్‌కే పంపుతుంది. నాలుగో వంతు కిరాయి కోసం లండన్ లాయర్ల ఫీజులు భరించడం గిట్టుబాటు అవుతుందో లేదో ముందే లెక్క వేసుకోండి.

అయితే ఒక ఆయుధం మన చేతిలోనే ఉంది. 2017 అడ్మిరాల్టీ (ఓడల వివాదాల) చట్టం ప్రకారం ఓడ కిరాయి ఒప్పందం మీద వచ్చిన క్లెయిముకు హామీగా హైకోర్టు ఓడను అరెస్టు చేయించవచ్చు, అంటే రేవు దాటకుండా ఆపించవచ్చు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా హామీ కోసం అడగవచ్చు. ఈ అధికారానికి పునాది మన తీరంలోనే పడింది. మార్మగోవాలో సరుకెత్తుకుని వెళ్లిన విదేశీ ఓడ ‘ఎం.వి.ఎలిజబెత్’ను 1984లో విశాఖ రేవులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అరెస్టు చేయించింది. తన మీద ఆ కోర్టుకు అధికారం లేదన్న వాదనను సుప్రీంకోర్టు 1992లో తోసిపుచ్చింది. మీ విషయంలో చిక్కల్లా, రాలేని ఓడను అరెస్టు చేయలేం. కానీ అదే యజమాని ఓడ మరొకటి మన రేవుకు వస్తే దాన్ని పట్టుకోవచ్చు. ఆ కంపెనీ ఓడల రాకపోకల మీద మీ ఏజెంటును ఒక కన్నేసి ఉంచమనండి. ఈ మాత్రం పని అతడు మీకు బాకీ.

అన్నట్టు, ఓడ వచ్చి సరుకెత్తి ఉంటే ఇంకో ప్రమాదం ఉండేది. సరుకు బీమాలో ఇన్‌స్టిట్యూట్ క్లాసిఫికేషన్ క్లాజు అని ఉంటుంది. బల్క్ కారియర్ పదేళ్లు దాటితే మామూలు ప్రీమియం చెల్లదు, అదనం కట్టాలి. బీమా కంపెనీకి ఓడ వయసు చెప్పకుండా 27 ఏళ్ల ఓడలో బియ్యం పంపి, మధ్యలో నీళ్లు చొరబడి ఉంటే, క్లెయిము కోసం తిరగడమే మీ పని అయ్యేది. ఎల్‌సీలో (కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో) కూడా ఓడ వయసుకు పరిమితి పెట్టి ఉందేమో చూడండి.

గోదాము అద్దె, బ్యాంకు వడ్డీ కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద అడగవచ్చు. వేరే ఓడ కోసం మీరు ప్రయత్నించినట్టు మాత్రం చూపించాలి. బ్రోకర్లతో నడిపిన మెయిళ్లు, రెండో ఓడకు ఎక్కువ కిరాయి కట్టి ఉంటే ఆ బిల్లు భద్రపరచండి. ఈ వారమే ఏజెంటు దగ్గర నిరాకరణ కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. చార్టర్ ఒప్పందం, అడ్వాన్సు పంపిన బ్యాంకు రుజువు జతచేసి యజమానికి లాయర్ నోటీసు ఇప్పించండి. దావాకు మన చట్టంలో గడువు మూడేళ్లు. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఆ గడువు ఆగదు.