నొప్పి తగ్గింది కదా అని అపెండిక్స్‌ను వదిలేయకండి

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. ఐదు రోజుల క్రితం బొడ్డు చుట్టూ నొప్పి మొదలై, మర్నాటికి కుడివైపు కిందికి దిగింది. రెండుసార్లు వాంతి అయింది. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేశాం. తగ్గకపోతే స్కానింగ్ తీయించాం. అపెండిక్స్ 10 మి.మీ. వాచిందని, లోపల చిన్న రాయిలాంటిది ఉందని రిపోర్టులో రాశారు. సర్జన్ వెంటనే అడ్మిట్ అవ్వమన్నారు. ఇప్పుడు విదేశాల్లో ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తోనే నయం చేస్తున్నారని బంధువులు చెప్పారు. అందుకని షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, నొప్పి మాత్ర మూడు రోజులుగా వాడుతున్నాం. నొప్పి చాలావరకు తగ్గింది. నిన్న రాత్రి మాత్రం చలితో జ్వరం వచ్చింది. వచ్చే నెల ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లాలి. ఆపరేషన్ వాయిదా వేయొచ్చా? అపెండిక్స్ తీసేస్తే ఇమ్యూనిటీ తగ్గుతుందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకంటే, మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ చలిజ్వరమే నన్ను ఎక్కువ ఆందోళన పెడుతోంది. ఇది చదువుతున్న సమయానికి అబ్బాయి ఇంకా ఇంట్లోనే ఉంటే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు కాదు, ఈరోజే.

ఎందుకో చెబుతాను. అపెండిక్స్ ఒక చివర మూసుకుపోయి ఉండే సన్నని గొట్టం. దాని నోటి దగ్గర ఏదైనా అడ్డుపడితే లోపల ఒత్తిడి పెరిగి, వాచి, చీము పడుతుంది. ఆ ఒత్తిడి వల్లే నొప్పి. యాంటీబయాటిక్ పనిచేసినా నొప్పి తగ్గుతుంది. అపెండిక్స్ పగిలి లోపలి ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయినా కొన్ని గంటలపాటు నొప్పి తగ్గుతుంది. పైగా మీరు నొప్పి మాత్ర వేస్తున్నారు. ఈ మూడింటిలో ఏది జరిగిందో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఐదో రోజున చలితో జ్వరం వచ్చిందంటే మాత్రం అపెండిక్స్ పగిలి ఉండొచ్చు, లేదా చుట్టూ చీముగడ్డ కట్టి ఉండొచ్చు అనే అనుమానంతోనే ముందుకు వెళ్లాలి. పరీక్షలో అలాంటిదేమీ లేదని తేలితే అందరికీ సంతోషమే.

మీ బంధువులు చెప్పింది అబద్ధం కాదు. ఆపరేషనా, మందులా అన్నది సర్జన్ల మధ్య నిజంగానే నడుస్తున్న చర్చ. ఫిన్లాండ్‌లో 530 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి 27 శాతం మందికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఐదేళ్లలో సుమారు 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అంటే పదిమందిలో ఆరుగురు ఆపరేషన్ లేకుండానే గడిపారు. చిన్న విషయం కాదది. 2020లో అమెరికాలో 1,552 మందితో చేసిన కోడా అధ్యయనంలోనూ యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో 90 రోజుల్లోపు ఆపరేషన్ దాకా వెళ్లింది 29 శాతమే.

అయితే ఈ అంకెలు ఎవరివో చూడాలి. ఫిన్లాండ్ అధ్యయనంలోకి సీటీ స్కాన్ తీసి, అపెండిక్స్ పగల్లేదని, లోపల రాయి లేదని తేలినవాళ్లనే తీసుకున్నారు. మీ అబ్బాయి రిపోర్టులో రాయి ఉంది. గట్టిపడిన మలం ముద్ద అది, మేం అపెండికోలిత్ అంటాం. కోడా అధ్యయనంలో రాయి ఉన్నవాళ్లను కూడా చేర్చుకున్నారు. వాళ్లలో 41 శాతం మందికి మూడు నెలల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రాయి లేనివాళ్లలో అది 25 శాతం. మందుల వైపు కాంప్లికేషన్లు ఎక్కువగా కనిపించింది కూడా రాయి ఉన్నవాళ్లలోనే. కాబట్టి మీ అబ్బాయి విషయంలో మీ సర్జన్ ఆపరేషన్ వైపే మొగ్గి ఉంటే ఆశ్చర్యం లేదు. నేనైనా అదే చెప్పేవాణ్ని.

ఆ రెండు చోట్లా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టింది సెలైన్ ద్వారా, డాక్టర్ల పర్యవేక్షణలో. ఆ తర్వాతే మాత్రలకు మార్చారు. తేడా కనిపిస్తే వెంటనే ఆపరేషన్ చేయడానికి సర్జన్ అందుబాటులో ఉన్నారు. మీరు వాడింది ఏ మందో, ఎంత డోసో ఉత్తరంలో లేదు. షాపు అతను అబ్బాయి కడుపు మీద చెయ్యి పెట్టి చూశాడా? రక్తపరీక్ష చేయించాడా? మన దగ్గర పేగుల్లో ఉండే బ్యాక్టీరియా చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదు. ఇలా షాపులో అడిగి కొనుక్కోవడం దానికి ఒక ముఖ్య కారణం. ఫిన్లాండ్‌లో పనిచేసిన మందు ఖమ్మంలో అంతే పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. కోప్పడుతున్నానని అనుకోకండి. సర్జన్ అడ్మిట్ అవ్వమన్న రోజే చేరి, 'మందులతో ప్రయత్నించవచ్చా?' అని ఆయన్నే అడిగి ఉంటే, ఆ ప్రశ్నకు సరైన జవాబు అక్కడే దొరికేది.

కడుపునొప్పి రాగానే గ్యాస్ మాత్ర, అదీ కాకపోతే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్, ఇంకొందరు విరేచనం అయితే పోతుందని ఆముదం. ఈ మూడింటి తర్వాతే మా దగ్గరికి వచ్చే పేషెంట్లు చాలామంది. విరేచనాల మందు ఈ స్థితిలో అసలు వద్దు. నొప్పి మందు విషయంలో ఒకమాట: డాక్టర్ చూసేదాకా నొప్పి తగ్గించకూడదనే పాత నియమం ఇప్పుడు లేదు. ఆసుపత్రిలో మేమే నొప్పి ఇంజెక్షన్ ఇస్తాం, దానివల్ల జబ్బును గుర్తించడం కష్టం కాదు. ఇబ్బందల్లా ఇంట్లో నొప్పి మాత్ర వేసుకుని, తగ్గిందని రోజులు గడిపేయడంతోనే. పగలని అపెండిసైటిస్‌కు ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ 24 గంటల్లోపు ఎప్పుడు చేసినా పెద్ద తేడా ఉండదని ఇటీవలి అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి అర్ధరాత్రి చేరిస్తే తెల్లారాక చేస్తామన్నారని టెన్షన్ పడొద్దు. అక్కడ అబ్బాయి మా కళ్ల ముందు ఉంటాడు. ఇంట్లో గడిచిన ఐదు రోజులు అలాంటివి కావు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం జరుగుతుందంటే, బహుశా రక్తపరీక్షలు, మళ్లీ స్కాన్, అవసరమైతే సీటీ చేస్తారు. పగిలి చీము కడుపంతా పాకి ఉంటే అత్యవసరంగా ఆపరేషన్ చేస్తారు. అలా కాకుండా ఒకచోట గడ్డ కట్టి ఉంటే సర్జన్ 'ఇప్పుడే ఆపరేషన్ వద్దు' అనవచ్చు. సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఇచ్చి, చీము ఎక్కువుంటే స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టంతో తీసి, అపెండిక్స్ సంగతి కొన్ని వారాల తర్వాత ఆలోచిస్తారు. అప్పుడు 'చూశారా, ఆపరేషన్ అక్కర్లేదన్నారు' అని డిశ్చార్జ్ చేయించుకుని వెళ్లిపోకండి. ఆ గడ్డ కట్టిన చోట వాపు మీద వెంటనే ఆపరేషన్ చేస్తే పక్కనున్న పేగు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కాబట్టే ఆగుతారు.

ఇమ్యూనిటీ గురించి బెంగ వద్దు. అపెండిక్స్ తీసేసిన కోట్లమంది మామూలుగానే బతుకుతున్నారు. లాప్రోస్కోపీ అయినా, కోత పెట్టి చేసినా సరే, అది మీ సర్జన్ చేతి అనుభవానికి వదిలేయండి.

అమెరికా ప్రయాణం. పగలకుండా లాప్రోస్కోపీతో అయిపోతే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు, వచ్చే నెల ప్రయాణానికి ఇబ్బంది ఉండకపోవచ్చు. పగిలి ఉంటే కోలుకోవడానికి వారాలు పడుతుంది, టికెట్ మార్చుకోవాల్సి రావచ్చు. కాలేజీకి డాక్టర్ సర్టిఫికెట్ పంపి, ఆలస్యంగా చేరే వీలుందేమో అడగండి. రాయి ఉన్న అపెండిక్స్‌తో విమానం ఎక్కించి, అక్కడ కొత్త ఊళ్లో, ఇన్సూరెన్స్ నిబంధనలు కూడా తెలియని మొదటి నెలలో నొప్పి తిరగబెడితే వాడు ఒంటరిగా ఏం చేస్తాడో ఆలోచించండి.

ఉత్తరం చదివి ఇచ్చే సలహా ఇంతవరకే. అబ్బాయిని చూసిన డాక్టర్ మాటే చివరి మాట. బయల్దేరే ముందు అన్నం, టిఫిన్ పెట్టకండి. స్కాన్ రిపోర్టు, వాడిన మాత్రల స్ట్రిప్పులు, చివరిసారి ఏమైనా తిన్న టైమ్, మందులు పడని అలర్జీ ఉంటే ఆ వివరం, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్స్ కార్డు దగ్గర పెట్టుకోండి. కడుపు బిగుసుకుపోయినా, ఆగకుండా వాంతులవుతున్నా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా సొంత బండి కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.