విటమిన్ సి సీరమ్‌తో ముఖం కమిలింది: పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. షాపింగ్ యాప్‌లో 699 రూపాయలకు ‘20 శాతం విటమిన్ సి’ సీరమ్ కొన్నాను. డబ్బా మీద ‘అన్ని రకాల చర్మాలకూ సురక్షితం’ అని ఉంది. రెండు మూడు రాత్రులు రాసుకునేసరికి బుగ్గలు మండి, కమిలి, నల్లమచ్చలు పడ్డాయి. చర్మవైద్యుల దగ్గర చికిత్స తీసుకుంటున్నాను. తెరిచిన సీసాను వాపసు తీసుకోబోమని, ముందుగా కొద్దిచోట రాసి చూసుకోకపోవడం నా తప్పేనని ముంబైలోని కంపెనీ వారు అంటున్నారు. నేనేం చేయగలను?

జవాబు: మీరు కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ఇచ్చింది కనుక ముంబై వెళ్లనక్కరలేదు. వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు.

అసలు చిక్కు కంపెనీ చెబుతున్న రెండో మాటలో ఉంది. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలోని విటమిన్ సి చర్మంలోకి ఇంకాలంటే సీరమ్ పీహెచ్ (ఆమ్లగుణాన్ని తెలిపే కొలత; ఇది తగ్గేకొద్దీ ఆమ్లగుణం పెరుగుతుంది) సాధారణంగా 3.5 కంటే తక్కువ ఉండాలి. అంతటి ఆమ్లగుణానికి 20 శాతం గాఢత తోడైతే సున్నితమైన చర్మం మండవచ్చునన్నది తయారీదారుకు తెలియని సంగతి కాదు. వస్తువును సరిగా వాడే విధానాన్ని, తప్పుగా వాడితే కలిగే ప్రమాదాన్ని తగినంతగా తెలియజేయని తయారీదారు హానికి బాధ్యత వహించాలని 84వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల ముందు డబ్బా, సీసా, లోపలి కాగితం మూడింటినీ శ్రద్ధగా చదవండి. ‘మొదట చెవి వెనుక రాసి చూసుకోండి’ వంటి సూచన ఎక్కడా లేకపోతే, తాము చెప్పని జాగ్రత్తను మీరు పాటించలేదని వారు మిమ్మల్ని నిందించడం చెల్లదు. సూచన ఉంటే మీ కేసు కొంత బలహీనపడుతుంది. ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. అయినా కేసు అక్కడితో ముగిసిపోదు. ‘అన్ని రకాల చర్మాలకూ సురక్షితం’ అన్నది కంపెనీ స్వయంగా ఇచ్చిన హామీ. వస్తువు ఆ హామీకి తగినట్లు లేదని తేలితే, హామీ ఇవ్వడంలో నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేదని తయారీదారు నిరూపించుకున్నా బాధ్యత తప్పదని అదే సెక్షన్‌లో ఉంది. భరోసాను పెద్ద అక్షరాలతో, హెచ్చరికను కంటికి ఆనని అక్షరాలతో ముద్రించే పద్ధతిని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

సాక్ష్యం విషయంలో ఆలస్యం చేయవద్దు. ఈ విటమిన్ గాలి, వెలుతురు తగిలితే ఆక్సీకరణ చెంది పసుపు, ఆ తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. నెలలు గడిచాక సీసాను పరీక్షకు పంపితే, మీరు సరిగా భద్రపరచనందువల్లే పాడైందని ఎదుటి పక్షం వాదిస్తుంది. ఈ రోజే రంగు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, మూత బిగించి, వెలుతురు తగలని చల్లని చోట ఉంచండి. అదే బ్యాచ్‌కు చెందిన, సీలు తీయని సీసా దొరికితే బిల్లుతో కొని, ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లోని 26వ సెక్షన్ కింద రుసుము కట్టి గవర్నమెంట్ ఎనలిస్ట్ (నమూనాలను పరీక్షించే ప్రభుత్వ అధికారి) పరీక్షకు ఇవ్వవచ్చు. కమిషన్ కూడా వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ కింద నమూనాను ప్రయోగశాలకు పంపగలదు. వీటన్నిటికంటే విలువైనది మీ చర్మవైద్యుల ధ్రువీకరణ. మందుల చీటీ ఒక్కటే చాలదు. ముఖం కమలడానికి ఈ సీరమే కారణమని వారు భావిస్తే, ఆ అభిప్రాయాన్ని కారణాలతో సహా రాసి ఇమ్మని అడగండి.

తెరిచిన సీసాను తీసుకోబోమన్న షరతు మీకు అడ్డు కాదు. లోపం ఉన్న వస్తువును, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. సీరమ్‌లో లోపం ఉన్నదీ లేనిదీ తెరిచి వాడితేనే కదా తెలిసేది. యాప్ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆయన 48 గంటల్లో అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

అక్కడ ఫలితం లేకపోతే తయారీదారుకు, అమ్మకందారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. చికిత్స ఖర్చును, శరీరానికి కలిగిన గాయం వల్ల అనుభవించిన మనోవేదనకు పరిహారాన్ని కోరవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే ‘హాని’ కిందికి ఆ వస్తువు ధర రాదు కనుక 699 రూపాయల వాపసును విడిగా అడగండి. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.